ఆఫీసులో... తత్వం బోధపడుతుంది!

సరదాగా నవ్వుకోవడానికి తీసిన టీవీ సీరియల్‌ అది. ఓ కాగితాల కంపెనీ, ఓ తిక్క బాసు, గడియారం వంక చూస్తూ గడిపే ఉద్యోగులు... అంతే సరుకు. అయినా తత్వశాస్త్రం చదువుకున్నవాళ్లు దాన్ని పట్టుకుని ఏకంగా పుస్తకమే వేశారు. కుర్చీలో కూర్చున్నాక కూడా మనిషిగా మిగలడం ఎలా అన్న పెద్ద ప్రశ్న ఆ నవ్వుల వెనకే ఉంది మరి!

ఆయన బల్ల మీద ఓ కాఫీ కప్పు ఉంటుంది. దానిమీద 'ప్రపంచంలోకెల్లా గొప్ప బాస్‌' అని రాసుంటుంది. ఉద్యోగులంతా కలిసి అభిమానంగా బహుమతి ఇచ్చారేమో అనుకుంటాం. అబ్బే... ఆయనే కొట్టుకెళ్లి కొనుక్కున్నాడు! పైగా ఆ సంగతి దాచుకోవాలని కూడా అనుకోడు. కప్పుని కెమెరాకి చూపించి, నా గురించి చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నట్టు నిలబడతాడు.

ఆయన పేరు మైకేల్‌ స్కాట్‌. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్‌లో 'డండర్‌ మిఫ్లిన్‌' అనే కాగితాల కంపెనీ శాఖకు మేనేజరు. ఊరు నిజం. కంపెనీ, మేనేజరు మాత్రం కల్పితం. 2005 నుంచి 2013 వరకూ ఎన్‌బీసీ ఛానల్లో వచ్చిన హాస్య ధారావాహిక 'ది ఆఫీస్‌'కి అతనే ఆయువుపట్టు.

కప్పు చూడగానే పడీపడీ నవ్వుతాం. నవ్వు ఆగాక ఓ చిన్న అనుమానం మొదలవుతుంది. 'నేను లేకపోతే మా సెక్షన్‌ ఒక్కరోజు కూడా నడవదు' అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుంటాం? ఆ సర్టిఫికెట్‌ ఎవరిచ్చారు? మనమే రాసుకుని, మనమే సంతకం పెట్టుకున్నాం కదూ! అక్కడే హాస్యం అయిపోయి తత్వం మొదలవుతుంది.

స్లౌ నుంచి స్క్రాంటన్‌ దాకా...

నిజానికి ఈ ఆఫీసు పుట్టిల్లు అమెరికా కాదు, ఇంగ్లండ్‌. రికీ జెర్వైస్‌, స్టీఫెన్‌ మర్చంట్‌ అనే ఇద్దరు కలిసి రాసిన 'ది ఆఫీస్‌' 2001 జులైలో బీబీసీ టూ ఛానల్లో మొదలైంది. లండన్‌కి పశ్చిమాన ఉండే స్లౌ అనే ఊళ్లోని కాగితాల కంపెనీ కథ అది. డేవిడ్‌ బ్రెంట్‌ అనే మేనేజరు పాత్రను జెర్వైసే వేశాడు. మొత్తం పన్నెండు భాగాలు, 2003 క్రిస్మస్‌కి ఓ ప్రత్యేక ముగింపు... అంతే. దాంతోనే 2004లో అమెరికా వాళ్ల గోల్డెన్‌ గ్లోబ్‌ అవార్డు కొట్టేసింది.

తర్వాత గ్రెగ్‌ డేనియల్స్‌ దాన్ని అమెరికాకి తగ్గట్టు మలిచాడు. 2005 మార్చి 24న ప్రసారమైన మొదటి భాగం దాదాపు బ్రిటిష్‌ కథకు జిరాక్సు కాపీయే. తర్వాత తర్వాత తనదైన దారి పట్టింది. స్టీవ్‌ కారెల్‌ మైకేల్‌ స్కాట్‌గా స్థిరపడ్డాడు. 2006లో ఉత్తమ హాస్య ధారావాహికగా ఎమ్మీ అవార్డు వచ్చింది. తొమ్మిది సీజన్లు, రెండొందల పైచిలుకు భాగాలు నడిచింది. మనదేశంలోనూ 2019లో హాట్‌స్టార్‌ హిందీలో తీసింది. స్క్రాంటన్‌ కాస్తా ఫరీదాబాద్‌ అయింది. కంపెనీ 'విల్కిన్స్‌ చావ్లా' అయింది. బాసు మాత్రం అదే బాసు!

చిత్రమేంటంటే... బ్రిటన్‌లో 'ది ఆఫీస్‌' వచ్చిన 2001లోనే మన సబ్‌ టీవీలో 'ఆఫీస్‌ ఆఫీస్‌' మొదలైంది. అందులో పంకజ్‌ కపూర్‌ వేసిన ముసద్దీలాల్‌, ఓ చిన్న పని కోసం సర్కారీ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగే సామాన్యుడు. అది కౌంటర్‌ బయట నిలబడ్డవాడి బాధ. 'ది ఆఫీస్‌'ది కౌంటర్‌ లోపల కూర్చున్నవాడి బాధ. రోజూ అదే కుర్చీ, అవే మొహాలు, అదే ట్యూబులైటు. ఆ మనుషుల్ని మనం ఎంచుకోలేదు. అయినా కట్టుకున్నవాళ్లతో, కన్నవాళ్లతో కన్నా వాళ్లతోనే ఎక్కువసేపు గడుపుతాం.

అలాంటి చోట ఎలా బతకాలి?

ఈ ప్రశ్నే కొందరు తత్వశాస్త్ర పండితుల్ని టీవీ ముందు కూర్చోబెట్టింది. అమెరికాలో ఇలాంటి పుస్తకాలకు ఓ ఒరవడి ఉంది. 2000లో 'సైన్‌ఫెల్డ్‌' మీద, 2001లో 'ది సింప్సన్స్‌' మీద వ్యాస సంకలనాలు వచ్చాయి. 2008లో జె.జెరెమీ విస్నెవ్‌స్కీ సంపాదకత్వంలో 'ది ఆఫీస్‌ అండ్‌ ఫిలాసఫీ' వెలువడింది. తత్వం అనగానే గడ్డాలు పెంచుకున్నవాళ్ల వ్యవహారమని జడుసుకునేవాళ్లకి, మైకేల్‌ స్కాట్‌ పక్కన కూర్చుని పాఠం వినడం తేలిక కదా!

వేషం మనిషిని మింగేస్తే...

ఫ్రెంచి తత్వవేత్త జాన్‌ పాల్‌ సార్త్ర్‌ 1943లో రాసిన ఓ ఉద్గ్రంథంలో కాఫీ హోటల్‌ సర్వర్‌ కనిపిస్తాడు. ఆ సర్వర్‌ నడకలో కాస్త ఎక్కువ చురుకుదనం. వంగడంలో కాస్త ఎక్కువ వినయం. ట్రే పట్టుకోవడంలో కాస్త ఎక్కువ ఒడుపు. చూడగా చూడగా సార్త్ర్‌కి అర్థమవుతుంది- అతను సర్వర్‌ పని చేయడం లేదు, సర్వర్‌ వేషం కడుతున్నాడని! 'నేనంటే ఇదే, ఇంకేం కాను' అని తనను తాను నమ్మించుకోవడాన్ని సార్త్ర్‌ ఆత్మవంచన అన్నాడు. ఎందుకంటే మనిషి ఎప్పుడూ తన ఉద్యోగం కన్నా పెద్దవాడు. ఇంకోలా ఉండగల స్వేచ్ఛ అతనికి ఎప్పుడూ ఉంటుంది. ఆ స్వేచ్ఛంటే భయం. అందుకే వేషంలోకి దూరిపోతాడు.

మైకేల్‌ స్కాట్‌ని చూడండి. బాసు ఎలా ఉంటాడో సినిమాల్లో చూసి నేర్చుకున్నట్టు ఉంటాడు. బాసన్నాక జోకులేయాలి, వేస్తాడు. అందరికీ ఆప్తుడై ఉండాలి, ఉన్నాననుకుంటాడు. మొదటి భాగంలోనే ఉద్యోగాల కోత పుకార్లతో ఆఫీసంతా బిక్కుబిక్కుమంటూ ఉంటే, రిసెప్షనిస్టు పామ్‌ని పిలిచి నిన్ను తీసేశానని హాస్యమాడతాడు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాకగానీ అది జోకు కాదని అతనికి తట్టదు. పై కుర్చీలో ఉన్నవాడి జోకుకి కింది కుర్చీవాళ్లు నవ్వక తప్పదు. ఆ నవ్వు జీతంలో భాగం. దాన్ని అభిమానం అనుకోవడమే అతని పొరపాటు.

అసలు పరీక్ష మూడో భాగంలో వస్తుంది. సిబ్బందికి ఆరోగ్య బీమా ఖర్చు తగ్గించమని పైనుంచి ఆదేశం. ఎవరికో ఒకరికి చేదు కబురు చెప్పక తప్పదు. అప్పటిదాకా 'నేనే బాస్‌' అన్న పెద్దమనిషి చల్లగా ఆ పనిని కిందివాడి మెడకు చుడతాడు. డ్వైట్‌ అనే అతివీర విధేయుడు ఉన్న సదుపాయాలన్నీ కోసిపారేస్తాడు. మైకేల్‌ ఏమో గదిలో దాక్కుంటాడు. జనం గొడవ చేస్తే, సాయంత్రానికి మీ అందరికీ ఓ గొప్ప కానుక అని ఊరిస్తాడు. సాయంత్రమవుతుంది. అందరూ అతని ముందు నిలబడతారు. చేతిలో ఏమీ లేదు. చెప్పడానికి మాట లేదు. అలా నిమిషాలు గడుస్తాయి. ఒక్కొక్కరే బ్యాగు సర్దుకుని వెళ్లిపోతారు.

కుర్చీ ఇచ్చే గొప్పతనం కావాలి... అది మోపే బరువు మాత్రం వద్దు. ఇలాంటివాళ్లు మనకు టీవీలోనే కనిపిస్తారా!

'ఇది నేను కాదు' అనుకున్నా అంతే!

మైకేల్‌కి పూర్తిగా వ్యతిరేకం జిమ్‌. తెలివైనవాడు, సరదా మనిషి. కాగితాలు అమ్మడమంటే అతనికి పరమ విసుగు. ఇది ఉద్యోగం మాత్రమే, ఇంకో మెట్టెక్కితే ఇదే నా జీవితమైపోతుంది, అప్పుడు రైలు కింద తల పెట్టుకోవాల్సిందేనని ఓసారి కెమెరాతో అంటాడు. పని తప్పించుకోవడానికి డ్వైట్‌ స్టేప్లర్‌ని జెల్లీలో ముంచి గడ్డకట్టిస్తాడు. ఇంకోరోజు ఇంకో ఆకతాయి పని.

పని మనిషికి పరాయిదైపోవడం గురించి కార్ల్‌ మార్క్స్‌ 1844లోనే రాసుకున్నాడు. పనిచేస్తున్నంతసేపూ మనిషి తనలో తాను ఉండడని, పని ముగిశాకే తనకు తాను దొరుకుతాడని ఆయన ఆలోచన. ఫ్యాక్టరీ కార్మికుల కోసం అన్నమాట అది. ఏసీ గదిలో కంప్యూటర్‌ ముందు కూర్చున్న జిమ్‌కి అచ్చంగా సరిపోతుంది. ఐదెప్పుడవుతుందా, ఆదివారమెప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఎవరికైనా సరిపోతుంది.

అయితే జిమ్‌ని సార్త్ర్‌ కూడా వదలడు. 'నేనంటే నా కుర్చీయే' అనుకోవడం మైకేల్‌ ఆత్మవంచన. 'ఈ కుర్చీకీ నాకూ సంబంధం లేదు, ఊరికే కూర్చున్నాను' అనుకోవడం జిమ్‌ది. ఊరికే కూర్చుంటూనే ఏళ్లు గడిచిపోతాయి. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. చివరి సీజన్‌లోగానీ స్నేహితులతో కలిసి నచ్చిన వ్యాపారం మొదలుపెట్టే ధైర్యం చేయడు. 'రేపో మాపో మానేస్తా' అంటూ పదవీ విరమణ దాకా వచ్చినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. వాళ్లను చూసి నవ్వలేం. చేసిన పనిని తనది కాదనుకుంటూ ముప్ఫై ఏళ్లు బతకడం చిన్న విషాదం కాదు.

ఎవరో చూస్తున్నారు!

ఈ సీరియల్‌కి ఓ ప్రత్యేకత ఉంది. ఎవరో డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఆఫీసులో కెమెరాలు పెట్టి ఉద్యోగుల్ని చిత్రిస్తున్నారన్నది కథ. అందుకే పాత్రలు మధ్య మధ్యలో కెమెరా వైపు చూస్తాయి. విడిగా కూర్చుని మనసులో మాట చెబుతాయి. వెనక నుంచి నవ్వుల టేపు వినిపించదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఇబ్బందిపడాలో మనమే తేల్చుకోవాలి.

'ఇతరుల చూపు' గురించి కూడా సార్త్ర్‌ గొప్ప ఉదాహరణ చెప్పాడు. ఓ మనిషి తాళం కన్నంలోంచి లోపలికి తొంగిచూస్తున్నాడు. ఆ ధ్యాసలో తననే మరిచిపోయాడు. అంతలో వెనక అడుగుల చప్పుడు. అంతే... ఒక్కసారిగా సిగ్గుతో చచ్చిపోతాడు. అప్పటిదాకా చూస్తున్నవాడు, ఇప్పుడు చూడబడుతున్నవాడు. ఇంకొకరి కళ్లలో తానో వస్తువైపోయాడు.

మైకేల్‌ది ఈ జబ్బే. కెమెరా ఉందని అతను క్షణం మరిచిపోడు. 2006 నవంబరులో వచ్చిన 'దివాలీ' భాగం ఇందుకు మంచి ఉదాహరణ. రాసింది మిండీ కేలింగ్‌. భారతీయ మూలాలున్న ఆమె, సీరియల్లో కెలీ కపూర్‌ అనే ఉద్యోగినిగా కూడా నటించింది. కెలీ పిలిచిందని ఆఫీసంతా దీపావళి వేడుకకు వెళుతుంది. అక్కడ ఓ జంట సంసారం ముచ్చటగా అనిపించి, మైకేల్‌ ఉన్నపళంగా మైకు అందుకుని, హాలు నిండా జనం చూస్తుండగా, పరిచయమై ఎక్కువ రోజులు కాని కరోల్‌ని పెళ్లి చేసుకోమని అడిగేస్తాడు. ఆమె నలుగురిలో కాదు, పక్కకొచ్చి మాట్లాడమంటుంది. కాదంటుంది. అతనికి కావాల్సింది కరోలా... 'ఆహా, ఎంత ప్రేమో' అని ముచ్చటపడే జనమా? అతనికే తెలియదు.

2006లో అది టీవీ పాత్ర పిచ్చి. తర్వాత సెల్‌ఫోన్‌ కెమెరాలు అందరి చేతుల్లోకీ వచ్చాయి. పుట్టినరోజు కేకు కోసే ముందు ఫొటో, గుళ్లో దండం పెట్టుకునే ముందు వీడియో, ఆఫీసులో చిన్న మెప్పు దొరికితే పదిమందికీ తెలిసేలా ప్రకటన... కెమెరా వంక చూస్తూ బతకడం మనందరికీ అలవాటైపోయింది. స్క్రాంటన్‌ ఆఫీసులో కెమెరాలు ఇంకెవరో పెట్టారు. మనం మాత్రం జేబులో మనమే పెట్టుకు తిరుగుతున్నాం.

ఎందుకు నవ్వుతున్నాం?

ఇంతకీ వీళ్లను చూసి మనం నవ్వడం న్యాయమేనా? ఎదుటివాడి కన్నా మనం నయమన్న భావన హఠాత్తుగా కలిగినప్పుడు నవ్వొస్తుందని 17వ శతాబ్దపు ఆంగ్ల తత్వవేత్త థామస్‌ హాబ్స్‌ అన్నాడు. ఫ్రాన్సుకి చెందిన హెన్రీ బెర్గ్‌సన్‌ 1900లో నవ్వు మీద ఓ పుస్తకమే రాశాడు. ప్రాణమున్న మనిషి మరబొమ్మలా ప్రవర్తిస్తే నవ్వొస్తుందన్నది ఆయన సిద్ధాంతం. పరిస్థితి మారినా తాను మారని మనిషిని చూసి లోకం నవ్వుతుంది. ఆ నవ్వు ఓ చిన్న మొట్టికాయ. 'కాస్త ఒళ్లు వంచి బతుకు నాయనా' అని చెప్పడం.

బెర్గ్‌సన్‌ డ్వైట్‌ని చూసుంటే ఎగిరి గంతేసేవాడు. ఎప్పుడు చూసినా నిబంధనలు, హోదాలు. తనను తాను 'అసిస్టెంట్‌ మేనేజర్‌' అని చెప్పుకుంటాడు. మైకేల్‌ ప్రతిసారీ 'మేనేజర్‌కి అసిస్టెంట్‌' అని సరిదిద్దుతాడు. రెండింటికీ తేడా ఒక్క 'కి' మాత్రమే. ఆ ఒక్క అక్షరం కోసం సంవత్సరాల తరబడి పోరాటం! కుర్చీల వరస, గదిలో కర్టెను, పేరు ముందు హోదా... వీటికోసం జరిగే యుద్ధాలు తెలిసినవాళ్లకి డ్వైట్‌ పరాయివాడిలా అనిపించడు. నవ్వుతూనే ఉలిక్కిపడతాం. మొట్టికాయ పడింది ఎవరికో కాదు మరి!

మాట ఇచ్చాక...

ఇన్ని భాగాల్లోనూ చాలామంది రెండోసారి చూడలేమనేది ఒకటుంది. 2009 డిసెంబరులో ప్రసారమైన 'స్కాట్స్‌ టాట్స్‌'. అందులో మైకేల్‌ పదేళ్ల కిందట ఓ మూడో తరగతి పిల్లలకు మాటిచ్చి ఉంటాడు. మీరు హైస్కూల్‌ పూర్తిచేస్తే కాలేజీ ఫీజులు నేను కడతానని. అప్పటికల్లా తాను కోటీశ్వరుణ్ని అయిపోతానని ధీమా. పదేళ్లు గడిచాయి. పిల్లలు హైస్కూల్‌ చివరి తరగతికి వచ్చారు. కోట్లు మాత్రం రాలేదు. బడికి వెళితే పిల్లలు అతని కోసం పాట కట్టి, ఆడి పాడతారు. జీవితాలు మార్చావని కృతజ్ఞతలు చెబుతారు. చివరికి నిజం ఒప్పుకోక తప్పదు. ఫీజులు కట్టలేను, ఇదిగో... ల్యాప్‌టాప్‌ బ్యాటరీలు మాత్రం తెచ్చానంటాడు!

జర్మన్‌ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్‌ కాంట్‌ 1785లో సరిగ్గా ఇలాంటి మాట గురించే తర్కించాడు. తీర్చలేనని తెలిసీ, తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకోవచ్చా? కూడదంటాడు. ఎందుకంటే అందరూ అదే పనిచేస్తే మాట అన్నదానికే విలువుండదు. ఎవరూ ఎవర్నీ నమ్మరు. అంతేకాదు, అబద్ధపు వాగ్దానం చేసినప్పుడు ఎదుటి మనిషిని మన అవసరానికి పనిముట్టుగా వాడుకుంటున్నాం. మైకేల్‌ ఆ పిల్లల్ని అప్పు అడగలేదు, నిజమే. మాటిచ్చిన రోజున అబద్ధమాడుతున్నాననీ అనుకోలేదు. కానీ ఆ పసివాళ్ల కళ్లలో తానో దానకర్ణుడిలా కనపడాలన్న కోరిక తీర్చుకున్నాడు. మోయలేని బరువని తెలిశాక కూడా నోరు విప్పకుండా ఏళ్లు దాటేశాడు. అదీ ఓ రకంగా వాడుకోవడమే. ఆడినమాట కోసం ఆలుబిడ్డల్ని అమ్ముకున్న హరిశ్చంద్రుడి కథ వింటూ పెరిగిన మనకి కాంట్‌ వాదన అర్థంచేసుకోవడం కష్టం కాదు.

కథ అక్కడితో ఆగితే నీతిబోధ అయ్యేది. తిరుగు ప్రయాణంలో అతనితో వచ్చిన ఎరిన్‌ అనే అమ్మాయి ఓ మాట చెబుతుంది. బడిలో మిగతా పిల్లలతో పోలిస్తే, ఈ తరగతిలో చదువు పూర్తిచేయబోతున్నవాళ్లే చాలా ఎక్కువట. ఫీజు ఎవరో కడతారన్న ఆశతో వాళ్లు బడి మానకుండా చదివారు. అంటే... నిలబెట్టుకోని మాటే వాళ్లను నిలబెట్టిందా?

ఫలితమే ముఖ్యమనేవాళ్లు ఔనంటారు. కురుక్షేత్రంలో అశ్వత్థామ పేరుమీద ధర్మరాజు ఆడిన మాట యుద్ధాన్ని మలుపు తిప్పింది కదా అని గుర్తుచేస్తారు. కాంట్‌ పక్షం వాళ్లు ఒప్పుకోరు. ధర్మరాజు రథం అప్పటిదాకా నేలకి తాకకుండా తిరిగేదని, ఆ మాటతో కిందికి దిగిందని కూడా ఆ కథే చెబుతోంది కదా అంటారు. సీరియల్‌ ఏ పక్షానికీ తీర్పు చెప్పదు. దానికి తెలిసింది ఒక్కటే. లెక్క ఎటు తేలినా, ఆ గదిలో బ్యాటరీ చేత్తో పట్టుకుని కూర్చున్న పిల్లల మొహాలు మాత్రం చెరిగిపోవు. బయటికొచ్చాక తన వెంటపడి వచ్చిన ఒక్క కుర్రాడికి మైకేల్‌ పుస్తకాల ఖర్చు ఇస్తానంటాడు. అన్ని జీవితాలకు దేవుణ్నవుతానన్నవాడు చివరికి ఒకడికి పుస్తకాలు కొనగలిగాడు. ఆ రోజు అతను చేసిన నిజమైన పని అదొక్కటే. ఎందుకంటే అది అతని తాహతులో ఉంది!

పక్కసీటు... స్నేహమా, అవసరమా?

మైకేల్‌ అసలు దుఃఖం వేరే ఉంది. అతనికి ఆఫీసు తప్ప వేరే లోకం లేదు. ఉద్యోగులే స్నేహితులు కావాలి, కుటుంబం కావాలి. వాళ్లేమో సాయంత్రం కాగానే తలా ఓ దారిన పోతారు.

స్నేహం గురించి అరిస్టాటిల్‌ చెప్పినంత వివరంగా చెప్పినవాళ్లు తక్కువ. తన నీతిశాస్త్ర గ్రంథంలో రెండు అధ్యాయాలు దానికే కేటాయించాడు. ఆయన లెక్కలో స్నేహాలు మూడు. అవసరం కొద్దీ కలిసేవి. సరదా కొద్దీ కలిసేవి. ఎదుటి మనిషి మంచిని కోరి, ఆ మనిషి కోసమే నిలిచేవి. మొదటి రెండూ అవసరం, సరదా తీరగానే కరిగిపోతాయి. మూడోది నిలుస్తుంది. కానీ దానికి సమయం పడుతుంది. ఇద్దరూ కలిసి బోలెడంత ఉప్పు తింటేగానీ ఒకరికొకరు తెలియరన్న అర్థమొచ్చే పాత సామెతను కూడా ఆయన గుర్తుచేస్తాడు. మనుషుల మధ్య అంతరం మరీ పెద్దదైతే స్నేహం కష్టమనీ అంటాడు.

జీతం పెంచేవాడికీ, పెంపు కోసం ఎదురుచూసేవాడికీ మధ్య ఈ మూడో రకం స్నేహం మొలుస్తుందా?

2007 ఫిబ్రవరిలో వచ్చిన 'బిజినెస్‌ స్కూల్‌' భాగం దీనికి ఓ జవాబిస్తుంది. రిసెప్షనిస్టు పామ్‌కి బొమ్మలేయడమంటే ప్రాణం. సాయంత్రపు క్లాసుల్లో నేర్చుకుంటుంది. విద్యార్థుల చిత్రాలన్నీ ప్రదర్శనకు పెడతారు. ఆఫీసులో అందర్నీ పిలుస్తుంది. వచ్చిన ఒకరిద్దరు ముక్కు విరిచి వెళ్లిపోతారు. సర్దుకుని వెళ్లిపోయే వేళకి హడావుడిగా మైకేల్‌ వస్తాడు. ఒక్కో బొమ్మ చూస్తాడు. తమ ఆఫీసు భవనం బొమ్మ దగ్గర ఆగిపోతాడు. అదే మనం పనిచేసేది కదా అని సంబరపడిపోతాడు. కొంటానంటాడు. పామ్‌ చటుక్కున అతన్ని కౌగిలించుకుంటుంది.

అప్పటిదాకా అందరి చూపూ తనమీద ఉండాలని తాపత్రయపడ్డ మనిషి, మొదటిసారి తన చూపుని ఇంకొకరికిచ్చాడు. ఆ క్షణంలో జోకు లేదు, హోదా లేదు. ఓ బొమ్మ, దాన్ని గీసిన అమ్మాయి... అంతే. అరిస్టాటిల్‌ చెప్పిన మూడో స్నేహం పెద్ద త్యాగంతోనే మొదలవ్వాలని లేదు. ఎవరూ పట్టించుకోని పనిని ఒకరు ఆగి చూస్తే చాలు. ఆ బొమ్మ ఆఫీసు గోడకెక్కుతుంది. 2013 మే 16న వచ్చిన చివరి భాగంలో పామ్‌ దాన్ని తీసుకుని వెళ్లేదాకా అక్కడే ఉంటుంది.

కుర్చీకీ ఓ మర్యాద

అలాగని వేషం పూర్తిగా వదిలేసి, అందరూ సమానమే అంటూ భుజాల మీద చేతులేసుకుని తిరగాలా? దానికీ ఓ జవాబుంది. ఇందులో స్టాన్లీ అనే పెద్ద వయసు ఉద్యోగి ఉంటాడు. మీటింగుల్లో గళ్ల నుడికట్టు నింపుకుంటూ కూర్చుంటాడు. 2008లో వచ్చిన ఓ భాగంలో ఆలోచనలు చెప్పమని మైకేల్‌ పదే పదే విసిగిస్తే అందరి ముందూ అతనిమీద అరుస్తాడు. మైకేల్‌ దాన్ని జోకుగా మార్చాలని చూస్తాడు. తీసేసినట్టు నాటకమాడతాడు. ఏదీ పారదు. చివరికి అందర్నీ బయటికి పంపి, ఇద్దరే మిగిలాక నిజం అడుగుతాడు. స్టాన్లీ మొహమాటం లేకుండా, నువ్వంటే నాకు గౌరవం లేదంటాడు.

వేరే రోజైతే మైకేల్‌ కుప్పకూలిపోయేవాడే. ఆరోజు మాత్రం నెమ్మదిగా, సరే... నీకు నామీద గౌరవం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ నేను నీ పై అధికారిని, నాతో అలా మాట్లాడటం కుదరదంటాడు. స్టాన్లీ ఆలోచించి, సబబేనంటాడు.

మైకేల్‌ ఆ సీరియల్‌ మొత్తంలో నిజంగా బాసులా ఉన్న కొద్ది సందర్భాల్లో ఇదొకటి. ఎందుకంటే ఆ క్షణంలో అతను 'నన్ను ప్రేమించండి' అని అడుక్కోలేదు. కుర్చీకి ఎంత కావాలో అంతే అడిగాడు. కుర్చీ వేరు, నేను వేరు అని తెలిసినవాడే కుర్చీలో సరిగ్గా కూర్చోగలడు. వేషం తప్పు కాదు. వేషమేసుకున్న సంగతి మరిచిపోవడమే తప్పు. రాత్రంతా రావణుడి కిరీటం మోసిన నటుడు, తెల్లారి దాన్ని పెట్టెలో పెట్టి ఇంటికెళతాడు కదా!

మైకు తీసేశాక...

మైకేల్‌ స్కాట్‌ 2011 ఏప్రిల్‌ 28న ప్రసారమైన భాగంలో ఆఫీసు వదిలిపెడతాడు. పెళ్లి చేసుకోబోయే హాలీతో వేరే రాష్ట్రానికి వెళ్లిపోతున్నాడు. ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుంటాడు. పామ్‌ మాత్రం ఆ సమయానికి ఆఫీసులో ఉండదు. విమానాశ్రయంలో కెమెరావాళ్ల దగ్గర ఆగి, ఇదెప్పుడైనా టీవీలో వస్తే చెప్పండని అడుగుతాడు. చొక్కాకి తగిలించిన మైకు విప్పి వాళ్లకిచ్చేస్తాడు. లోపలికి నడుస్తాడు.

అప్పుడు పరుగెత్తుకుంటూ వస్తుంది పామ్‌. ఇద్దరూ ఒకర్నొకరు హత్తుకుంటారు. ఏదో చెప్పుకుంటారు. ఆ మాటలు మనకు వినిపించవు. మైకు లేదు కదా!

ఏడు సీజన్లపాటు కెమెరా కోసం మాట్లాడిన మనిషి, చివర్లో కెమెరాకి అందని మాటొకటి చెప్పాడు. అది మన కోసం కాదు. పామ్‌ కోసం. జనం చూపు నుంచి తప్పించుకున్న ఆ కాసేపట్లో అతను బాసూ కాదు, హాస్యగాడూ కాదు. ఓ స్నేహితురాలి దగ్గర సెలవు తీసుకుంటున్న మామూలు మనిషి. సార్త్ర్‌ వేల వాక్యాల్లో చెప్పిన దాన్ని సీరియల్‌ ఓ చిన్న నిశ్శబ్దంతో చెప్పేసింది.

రెండేళ్ల తర్వాత సీరియల్‌ కూడా ముగిసింది. మామూలు విషయాల్లో బోలెడంత అందముంటుందన్న భావంతో పామ్‌ చివరి మాట చెబుతుంది. కాగితాల కంపెనీలో ఏముందని ఇన్నేళ్లు తీశారన్న ప్రశ్నకు అదే సమాధానం. అక్కడ కాగితాలు తప్ప ఏమీ లేవు. కానీ ఆ కాగితాల మధ్య ఒకరి కష్టం ఇంకొకరు గమనించడానికి రోజూ ఎన్నో అవకాశాలున్నాయి.

రేపు సోమవారం. మళ్లీ అదే గేటు, అదే లిఫ్టు, అదే కుర్చీ. పక్కసీటాయన టిఫిన్‌ డబ్బా తెరుస్తూ ఇంటి సంగతేదో చెప్పబోతాడు. ఓ చేత్తో మౌసు పట్టుకుని, 'ఊఁ ఊఁ' అంటూ వినొచ్చు. లేదా... కనిపించని ఆ మైకుని కాసేపు విప్పి పక్కన పెట్టి, ఆయన వైపు తిరిగి కూర్చోవచ్చు.